బ్రోకర్ ఫోన్ ఎత్తనప్పుడు: ఇల్లు అమ్మేవారు చేయాల్సిన పనులు

ఫ్లాట్ అమ్మకానికి పెట్టారు. బ్రోకర్ వచ్చి గదులన్నీ చూసి, "నెల తిరిగేలోపు పార్టీని కూర్చోబెడతా సార్" అన్నాడు. నమ్మి తాళం ఇచ్చారు. మొదటి వారం రోజూ అతనే ఫోన్ చేశాడు. రెండో వారం నుంచి మీరు చేస్తేనే మాట్లాడాడు. ఇప్పుడు అతని ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది, సాయంత్రానికి "బయట ఉన్నా సార్, రేపు చేస్తా" అని ఒక మెసేజ్ వస్తోంది. ఖాళీ ఫ్లాట్‌కి మెయింటెనెన్స్ కడుతూనే ఉన్నారు. ఈఎంఐ పోతూనే ఉంది. మీరు కొనాలని మాట్లాడుకున్న ఇంటివాళ్లు "మీ డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది?" అని అడుగుతున్నారు.

ఇలాంటప్పుడు చాలామంది కోపంతో బ్రోకర్‌ని మార్చేస్తారు. కొందరు మొహమాటపడి ఇంకో నెల, ఇంకో నెల అంటూ ఓపిక పడతారు. ఈ రెండూ అప్పుడే వద్దు. ముందు ఆలస్యం ఎక్కడ పుడుతోందో తేల్చుకోండి. తర్వాత అతని దగ్గర భరోసా మాటలు వినడం మానేసి లెక్క అడగండి. ఈ రెండూ చేస్తే మీ బ్రోకర్ పనిచేసేవాడో కాదో రెండు వారాల్లో మీకే తెలిసిపోతుంది.

1. పని ఎక్కడ ఆగిందో కనిపెట్టండి

ఇల్లు అమ్ముడుపోకపోవడానికి కారణం మూడు చోట్ల ఉండొచ్చు: ధరలో, కాగితాల్లో, బ్రోకర్‌లో. మనం మూడోదాన్నే ముందు అనుమానిస్తాం. అది ప్రతిసారీ నిజం కాదు.

ఫ్లాట్ చూడ్డానికి అసలు ఎవరూ రావడం లేదా? అయితే ధర ఎక్కువ చెబుతున్నారు, లేదా ప్రకటన జనానికి చేరడం లేదు. వచ్చినవాళ్లు చూసి వెళ్లి మళ్లీ ఊసెత్తడం లేదా? అప్పుడు ఇల్లు చూపించే తీరులో లోపం ఉండొచ్చు, లేదా వాస్తు, పార్కింగ్, నీళ్లు వంటి విషయాల్లో వాళ్లకి నచ్చనిదేదో ఉండొచ్చు. ధర కుదిరి, టోకెన్ దాకా వచ్చి వెనక్కి పోతున్నారా? అయితే నూటికి తొంభై పాళ్లు కాగితాల దగ్గరే చిక్కు. మీ బేరం ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసుకోండి. మందు దాన్నిబట్టే ఉంటుంది.

ధర సంగతి తేల్చడానికి ఒక మంచి దారి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలోనూ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోవచ్చు. మీ ఫ్లాట్‌కే కాదు, మీ అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య అమ్ముడుపోయిన పక్క ఫ్లాట్‌కి కూడా తీయండి. ఎప్పుడు, ఎంతకి రిజిస్టర్ అయిందో అందులో ఉంటుంది. కాగితం మీద రాసిన ధర అసలు ధర కంటే తక్కువ ఉండే అలవాటు మన దగ్గర ఉంది కాబట్టి దాన్నే పట్టుకుని కూర్చోవద్దు. ఆ ఫ్లాట్ అమ్మినవాళ్లని, వాచ్‌మన్‌ని, అసోసియేషన్ సెక్రటరీని కూడా అడగండి. ఆన్‌లైన్ ప్రకటనల్లో కనిపించేది అమ్మేవాళ్లు ఆశపడే ధర. బేరం కుదిరిన ధర మీకు కావాలి.

ఇంకో మాట. ఆషాఢమో మూఢమో నడుస్తుంటే కొనేవాళ్లు వెనకాడటం సహజం. ఆ తప్పు బ్రోకర్‌ది కాదు. కానీ ఆ పేరు చెప్పి నెలలు దాటేస్తుంటే ఒప్పుకోవద్దు. ధర మాట్లాడుకోవడానికి, కాగితాలు లాయర్‌కి చూపించుకోవడానికి ముహూర్తం అక్కర్లేదు. "ఆ పనులన్నీ ఇప్పుడు కానిచ్చేసి రిజిస్ట్రేషన్ శ్రావణంలో పెట్టుకుందాం" అని మీరే చెప్పండి.

2. "ఏమైందండీ?" అని అడగడం మానేయండి

ఈ సంభాషణ మీకు పరిచయమే అయి ఉంటుంది:

"ఏమైందండీ మా ఫ్లాట్ సంగతి?"

"నడుస్తోంది సార్. మంచి పార్టీ ఒకటి లైన్లో ఉంది."

"ఎవరు వాళ్లు?"

"సాఫ్ట్‌వేర్ వాళ్లు సార్. ఫ్యామిలీతో మాట్లాడి చెప్తామన్నారు. శుక్రవారం కన్‌ఫర్మ్."

శుక్రవారం వస్తుంది, పోతుంది. ఇందులో తప్పంతా బ్రోకర్‌దేనా? "ఏమైంది" అనే ప్రశ్నకి "నడుస్తోంది" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. జవాబులో అంకె, తేదీ ఉండి తీరాల్సిన ప్రశ్నలు అడగండి. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో రాయండి. ఇలా:

"నమస్తే అండీ. మా ఫ్లాట్ ఈ నెలలో ఎంతమంది చూశారు? ఏయే తేదీల్లో? ఒక్కొక్కరు ఏమన్నారు, ఎంతకి అడిగారు? ప్రకటన ఏ సైట్లలో పెట్టారు? లింకులతో సహా ఆదివారంలోగా పంపండి. ఎవరూ రాకపోతే రాలేదనే రాయండి, నేనేమీ అనుకోను."

చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. చాలామంది బ్రోకర్లు చెడ్డ కబురు చెప్పలేకే అబద్ధం చెబుతారు. నిజం చెప్పినా ఫర్వాలేదని మీరు ముందే అంటే నిజం బయటికొస్తుంది. "అందరూ అయిదు లక్షలు తక్కువకి అడుగుతున్నారు సార్, మీకు చెప్పడానికి ఇబ్బందిగా ఉంది" అని రాసినవాడు పనిచేసే బ్రోకరే. అతన్ని వదులుకోవద్దు. ఆదివారం పోయి బుధవారం వచ్చినా జవాబు లేకపోతే మాత్రం మీకు అందాల్సిన సమాచారం అందినట్టే.

3. ఒకసారి మీరే పక్కనుండి చూడండి

బ్రోకర్ ఇల్లు చూపించేటప్పుడు ఒక్కసారైనా అక్కడ ఉండండి. మాట్లాడొద్దు, గమనించండి. హైదరాబాద్ నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్ ఒకటి ఉందనుకోండి. రెండు నెలలుగా ఖాళీ. సాయంత్రం ఏడింటికి కొనేవాళ్లు వచ్చారు. బ్రోకర్ తలుపు తీసి స్విచ్ వేశాడు, హాల్లో లైటు వెలగలేదు. సెల్‌ఫోన్ టార్చ్‌తో వంటగది చూపించాడు. బాత్రూమ్ ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి వాసన గుప్పున కొట్టింది. వచ్చినావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భర్త, ఫ్లాట్ వాటాకి వచ్చే స్థలం గురించి, "యూడీఎస్ ఎన్ని గజాలండీ?" అని అడిగితే "కనుక్కుని చెప్తా సార్" అన్నాడు. "పార్కింగ్ ఏది?" అంటే కిందికి తీసుకెళ్లి రెండు స్తంభాల మధ్య చూపించి "ఇదే అనుకుంటా" అన్నాడు.

ఆ దంపతులు మళ్లీ వస్తారా? ఫ్లాట్ మంచిదే, ధర సరైనదే. అయినా పదిహేను నిమిషాల్లో బేరం చచ్చిపోయింది.

ఇవి సరిచేయడానికి ఖర్చు పెద్దగా ఉండదు. బల్బులు వేయించండి. వారానికోసారి ఎవరిచేతైనా కిటికీలు తెరిపించి, బాత్రూముల్లో రెండు బకెట్ల నీళ్లు పోయించండి. ఒకే పేజీలో వివరాలు రాసి బ్రోకర్‌కి ఇవ్వండి: ప్లింత్ ఏరియా, యూడీఎస్, ఏ వైపు ముఖం, పార్కింగ్ నంబర్, నెలవారీ మెయింటెనెన్స్, మంజీరా కుళాయి నీళ్లా బోరా, ఏ బ్యాంకులు ఈ అపార్ట్‌మెంట్‌కి లోన్ ఇచ్చాయి. వీలైతే వెలుతురున్నప్పుడే చూపించమనండి. అద్దెకున్నవాళ్లు ఉంటే వాళ్లకి ముందురోజే చెప్పాలని గట్టిగా అనండి. కుక్కర్ కూతేస్తున్నప్పుడు నలుగురు కొత్తవాళ్లు వంటింట్లోకి వస్తే ఏ ఇల్లాలు మాత్రం నవ్వుతూ చూపిస్తుంది?

4. నోటిమాటని కాగితం మీదికి తెండి

మన దగ్గర లక్షల కమిషన్ కూడా నోటిమాట మీదే నడుస్తుంది. హైదరాబాద్‌లో పాత ఫ్లాట్ల అమ్మకాల్లో మామూలుగా అమ్మేవాళ్ల నుంచి ఒక శాతం, కొన్నిచోట్ల రెండు శాతం తీసుకుంటారు. డెబ్బై లక్షల ఫ్లాట్‌కి ఒక శాతం అంటే 70,000 రూపాయలు. అంత ఇస్తూ రెండు పేజీల కాగితం అడగడంలో మొహమాటమెందుకు? కాగితం వద్దనే బ్రోకర్ దగ్గర నేనైతే తాళం కూడా ఉంచను.

అందులో ఇవి రాయించండి:

గడువు 60 రోజులు. ఆ తర్వాత పొడిగించాలో వద్దో మీ ఇష్టం. కమిషన్ ఎంత, జీఎస్టీ వేస్తే అది అందులో కలిసిందా విడిగానా. ఎప్పుడు ఇవ్వాలి: అగ్రిమెంట్ రోజు సగం అడుగుతారు, మీరు రిజిస్ట్రేషన్ రోజు మొత్తం అనండి, మధ్యస్థంగా ఒప్పుకోవాల్సి వస్తే నాలుగో వంతు మించి ముందు ఇవ్వొద్దు. వచ్చిన ప్రతి ఆఫర్, తక్కువైనా సరే, మీకు చెప్పాలి. టోకెన్ సొమ్ము నేరుగా మీ బ్యాంకు ఖాతాకే రావాలి. గడువు ముగిశాక, అతను చూపించిన కొనుగోలుదారే వచ్చి కొంటే అతనికి కమిషన్ ఎన్నాళ్లదాకా వర్తిస్తుందో రాయాలి. మూడు నెలలు న్యాయంగా ఉంటుంది. అందుకోసం తను ఎవరెవరికి చూపించాడో జాబితా ఇవ్వాలి.

చివరగా "పైన వేసుకోవడం" గురించి. మీతో 68 లక్షలని చెప్పి, కొనేవాళ్లతో 72 అని మాట్లాడి మధ్యలోది మిగుల్చుకునే పద్ధతి కొందరికి ఉంది. మీ బేరం సాగదీయడానికి ఇదీ ఒక కారణం కావచ్చు: 68కి సిద్ధంగా ఉన్నవాళ్లని మీదాకా రానివ్వరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం బ్రోకర్ మీ ఏజెంటు. మీకు తెలియకుండా ఆ పనిలో సొంత వ్యాపారం చేసుకుని లాభం పొందితే ఆ లాభం మీదేనని అడిగే హక్కు మీకుంది. దీనికి తేలికైన జాగ్రత్త ఒకటి: ధర తేల్చే సిట్టింగ్‌లో మీరూ, కొనేవాళ్లూ ఎదురెదురుగా కూర్చోవాలి. "మీరు రానక్కర్లేదు సార్, నేను చూసుకుంటా" అంటే తప్పకుండా వెళ్లండి.

5. చాలామంది చేసే పొరపాట్లు

పదిమంది బ్రోకర్లకి చెప్పడం. ఎక్కువమందికి చెబితే త్వరగా అమ్ముడుపోతుందని అనిపిస్తుంది. కానీ ఒకే ఫ్లాట్ ఒకే సైట్‌లో 68కి, 72కి, 75కి కనిపిస్తే కొనేవాళ్లు ఏమనుకుంటారు? ఇద్దరు చాలు, ధర ఇద్దరికీ ఒకటే.

అవసరం బయటపెట్టడం. "పాప పెళ్లి పెట్టుకున్నాం, మార్చిలోపు అయిపోవాలి" అని బ్రోకర్‌తో అన్న మాట కొనేవాళ్ల చెవిన పడుతుందనే అనుకోండి. ఇక ఎంతకి ఇవ్వగలరన్న అట్టడుగు అంకె మీ భార్యాభర్తలకి తప్ప ఇంట్లో పిల్లలకి కూడా తెలియనక్కర్లేదు.

అసలు దస్తావేజులు ఇచ్చేయడం. జిరాక్స్‌లే ఇవ్వండి, వాటి మీద "ఫ్లాట్ అమ్మకం పరిశీలన కోసం మాత్రమే" అని తేదీతో రాయండి.

టోకెన్ నగదుగా తీసుకోవడం. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం చెబుతోంది. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. "అందరూ తీసుకుంటారు సార్" అన్నవాడు నోటీసు వచ్చినరోజు మీ పక్కన ఉండడు.

అన్నిటికంటే ప్రమాదం, బ్రోకర్ పేర జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసివ్వడం. మీరెంత దూరాన ఉన్నా, ఎంత నమ్మకస్తుడైనా సరే, వద్దు.

6. కాగితాలు: ఇక్కడ ఆలస్యమైతే బ్రోకర్‌ని అనలేం

ధర కుదిరాక కొనేవాళ్ల బ్యాంకు రెండు పరిశీలనలు చేయిస్తుంది. ఒకటి లాయర్ లీగల్ ఒపీనియన్, రెండోది ఇంజినీర్ వచ్చి విలువ కట్టడం. ఏ ఒక్క కాగితం తక్కువైనా ఫైలు కదలదు. ఆ కాగితం కోసం మీరు బీరువా వెతికేలోపు కొనేవాళ్లకి మరో ఫ్లాట్ నచ్చుతుంది. అందుకే ప్రకటన ఇవ్వకముందే ఫైలు కట్టండి: మీ సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, తాజా ఈసీ, మున్సిపల్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు, అసోసియేషన్ నో డ్యూస్.

కరెంటు మీటరు, ఆస్తిపన్ను ఇంకా బిల్డర్ పేరు మీదే ఉన్నాయా? ఇప్పుడే మార్పించండి. తండ్రి పోయాక ఫ్లాట్ వారసులకి వచ్చిందా? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరి సంతకాలూ కావాలి, వాళ్లు ఏ దేశంలో ఉన్నా. మీ సర్వే నంబర్ 22-ఏ నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. పాత అపార్ట్‌మెంట్లలో ప్లాన్‌కి మించి అంతస్తు వేసి ఉంటే, ఆ పై ఫ్లాట్లకి లోన్ రావడం కష్టం. ఆ సంగతి దాచిపెట్టి లోన్ పార్టీలని వరసగా పిలిపించుకుని నిరాశపడటం కంటే, లోన్ అవసరం లేనివాళ్లనే వెతకమని బ్రోకర్‌కి మొదటే చెప్పడం మంచిది.

ఫ్లాట్ మీద లోన్ ఇంకా ఉంటే మీ బ్యాంకుకి వెళ్లి రెండు కాగితాలు తీసుకోండి: బాకీ ఎంతో చెప్పే లేఖ, వాళ్ల దగ్గరున్న మీ దస్తావేజుల జాబితా. వీటిని చూశాకే కొనేవాళ్ల బ్యాంకు కదులుతుంది. అప్పు పూర్తిగా తీరాక అసలు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగివ్వాలని, బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బ్రాంచిలో "హెడ్డాఫీసు నుంచి రావాలండీ" అంటూ తిప్పుతుంటే ఈ నిబంధన పేరెత్తి రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఫైలు అక్కడినుంచే కదులుతుంది.

అగ్రిమెంట్‌లో గడువు తేదీలు అంకెల్లో రాయించండి. లోన్ మంజూరు ఏ తేదీలోపు, రిజిస్ట్రేషన్ ఏ తేదీలోపు, దాటితే అడ్వాన్సు ఏమవుతుంది? అమ్మకం ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ మినహాయించి మీ పాన్ మీద కడతారు. చివరిరోజు రిజిస్ట్రార్ ఆఫీసులో దీని మీద గొడవపడకుండా ముందే అనుకోండి.

7. బ్రోకర్‌ని మార్చాల్సి వస్తే

అడిగిన లెక్క రాలేదు. ప్రకటన సైట్లలో కనిపించడం లేదు. కాగితాలు, ధర మీవైపు సరిగ్గానే ఉన్నాయి. అయితే మార్చండి, కానీ పద్ధతిగా. గడువున్న ఒప్పందాన్ని సరైన కారణం లేకుండా మధ్యలో తెంపితే అవతలివాళ్లు నష్టపరిహారం అడగొచ్చు. అందుకే కారణాన్ని తేదీలతో రాసి పంపండి: ఫలానా తేదీన వివరాలు అడిగాను, ఫలానా తేదీన గుర్తుచేశాను, జవాబు రాలేదు, కాబట్టి ఏడు రోజుల తర్వాత మా ఫ్లాట్ అమ్మే బాధ్యత మీకు ఉండదు. తిట్లొద్దు. రెండో భాగంలో చెప్పినట్టు మీరు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ఇక్కడ మీకు సాక్ష్యం.

ఆ ఏడు రోజుల్లో తాళం వెనక్కి తీసుకోండి. నకలు చేయించి ఉంటాడేమో అనే అనుమానం తీరాలంటే లాక్ మార్చేయండి. గేటుకి వేసిన బోర్డు, సైట్లలో ప్రకటనలు తీసేయించండి. అతను చూపించినవాళ్ల జాబితా తీసుకోండి.

డబ్బు తీసుకుని మోసం చేస్తే? రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ఉంది కదా అని మీరు అనుకోవచ్చు. 2016 నాటి ఆ చట్టం ప్రకారం ఏజెంట్లు నమోదు చేసుకోవాలి, నిజమే. కానీ ఆ నిబంధన ముఖ్యంగా రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లోని అమ్మకాలకి వర్తిస్తుంది. ఇరవై ఏళ్ల నాటి మీ ఫ్లాట్ విషయంలో దానిమీదే ఆధారపడొద్దు. అయినా రెరా నంబర్ ఉన్న బ్రోకర్‌ని ఎంచుకోవడం మేలు, అతనికి పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. కమిషన్ తీసుకుని సేవ చేయకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. టోకెన్ సొమ్ము కాజేస్తే మాత్రం నేరుగా పోలీస్ స్టేషన్‌కే.

8. మీరు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటే

దూరాన ఉన్నవాళ్లని సాగదీయడం తేలిక. అక్కడి వేళలు ఇక్కడి వేళలతో కలవకపోవడంతో ఫోన్ ఎత్తకపోవడానికి సాకు కూడా దొరుకుతుంది. అమ్మానాన్నలో, తోడబుట్టినవాళ్లో ఉంటే వాళ్ల పేర ఈ ఒక్క ఫ్లాట్‌కే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ రాయండి. భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ చేయించి అపోస్టిల్ వేయించి గానీ పంపాలి. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు మరిచిపోయి, చివరి నిమిషంలో కొత్త కాగితం పంపాల్సి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఎన్నారై అమ్మితే టీడీఎస్ ఒక శాతంతో ఆగదు, చాలా ఎక్కువ పట్టుకుంటారు. తక్కువ మినహాయింపు కోసం ఆదాయపన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్‌కి అగ్రిమెంట్ అయిన వెంటనే దరఖాస్తు చేయండి. అది రావడానికి వారాలు పడుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ తేదీ దాన్నిబట్టి పెట్టుకోండి.

9. కమిషన్ ఇచ్చేరోజు

మీరు లెక్క అడిగాక తీరు మార్చుకుని, కొనేవాళ్లని వెతికి, బ్యాంకు చుట్టూ తిరిగి రిజిస్ట్రేషన్ దాకా తెచ్చిన బ్రోకర్ కూడా ఉంటాడు. అలాంటివాళ్లు మనం అనుకునేకంటే ఎక్కువమందే ఉన్నారు. అతని దగ్గర చివరిరోజు "కొంచెం తగ్గించుకోండి" అని బేరమాడొద్దు. అనుకున్న మొత్తం అదేరోజు బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోండి. అమ్మకం మీద వచ్చిన లాభానికి పన్ను లెక్క వేసేటప్పుడు ఈ కమిషన్‌ని ఖర్చుగా చూపించుకోవచ్చు. ఆ రసీదుని సేల్ డీడ్ నకలుతో పాటే మీ ఆడిటర్‌కి పంపేయండి.